'నాకు తగ్గింది' అంటే రుజువైనట్టేనా?

దెబ్బ చిన్నదే. బొటనవేలి కింద ముల్లు గుచ్చుకుంది. అంతే... ఇంట్లో ఉన్నవాళ్లంతా డాక్టర్లయిపోతారు! 'పసుపు అద్దు' అంటుంది అమ్మమ్మ. 'కాఫీపొడి పెడితే రక్తం ఠక్కున ఆగిపోతుంది' అంటుంది పక్కింటావిడ. 'గడ్డిచామంతి ఆకు పసరు పిండండి, మా ఊళ్లో అందరం అదే వాడతాం' అంటాడు పొలం నుంచి వచ్చిన బాబాయి. వీధి చివరి ఆర్‌ఎంపీ ఒక సూది వేసి, నాలుగు రోజులకు యాంటీబయోటిక్‌ మాత్రలు ఇస్తాడు. మెడికల్‌ షాపు కుర్రాడు ఓ ట్యూబు చేతిలో పెడతాడు. కట్టు కట్టమనేవాళ్లు కొందరు. 'కడితే చీము పడుతుంది, గాలి తగలనివ్వండి' అనేవాళ్లు ఇంకొందరు.

ఇంతకీ ఎవరి మాట వినాలి?

ఆరోగ్యంగా ఉన్న మనిషైతే ఎవరి మాట విన్నా పెద్ద ప్రమాదం లేదు. నాలుగైదు రోజుల్లో ఆ దెబ్బ దానంతటదే మానిపోతుంది. చిక్కల్లా అక్కడే వచ్చింది. మానింది శరీరం గొప్పతనం... పేరు మాత్రం పసుపుకో, పసరుకో, ట్యూబుకో దక్కుతుంది. 'నాకు తగ్గింది' అన్న మాట పదిమందికీ పాకుతుంది. ఆ పదిమందిలో ఒకరికి పదేళ్లుగా షుగరుంటే? అదే ముల్లు, అదే వైద్యం. కానీ పుండు మానదు. నెల తిరిగేసరికి వేలు నల్లబడుతుంది. రెండోనెల కాలి మీదికొస్తుంది!

2023లో వెలువడిన ఐసీఎంఆర్‌-ఇండియాబ్‌ సర్వే ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్ల మంది. షుగరు వల్ల కాలు పోగొట్టుకున్న ప్రతి 100 మందిలో సుమారు 85 మందికి ఆ కథ మొదలైంది ఒక మామూలు పుండుతోనే. అంటే పుండు దగ్గర తీసుకునే నిర్ణయం కాలికి సంబంధించిన నిర్ణయం. మరి దాన్ని ఎవరో చెప్పారని తీసుకోవడమేనా? పరీక్షకు నిలిచిన రుజువేమైనా ఉందా? ఈవారం ఆ సంగతే చూద్దాం.

చీటీ వేసి తేల్చారు

పుండు మీద వేసే మందు పనిచేస్తుందో లేదో తేల్చడానికి వైద్యులు కనిపెట్టిన పద్ధతి చాలా సులువైంది. ఒకే రకం పుండు ఉన్నవాళ్లను ఓ రెండొందల మందిని తీసుకుంటారు. ఎవరికి ఏ వైద్యమన్నది చీటీ వేసి తేలుస్తారు. సగం మందికి కొత్త మందు, సగం మందికి పాతది. ఎవరి పుండు ఎన్నిరోజుల్లో మానిందో లెక్క రాస్తారు. చీటీ ఎందుకంటే... డాక్టరు తనకు నచ్చిన మందును తేలిగ్గా మానే పుండ్లకే వాడి 'భలే పనిచేసింది' అనుకోకుండా!

ఇలాంటి పరీక్షలు ప్రపంచమంతా జరుగుతుంటాయి. ఒకదాంట్లో మంచిదని వస్తుంది, మరోదాంట్లో దండగని వస్తుంది. అన్నిటినీ ఒకచోట పోగేసి, నాసిరకం వాటిని పక్కకు తీసి, మొత్తమ్మీద తేలిందేమిటో చెప్పేవాళ్లు కావాలి కదా. బ్రిటిష్‌ వైద్యుడు ఆర్చీ కోక్రేన్‌ 1979లో రాసిన వ్యాసంలో ఈ లోటునే ఎత్తిచూపాడు. ఆయన పేరుమీదే 1993లో కోక్రేన్‌ సంస్థ పుట్టింది. పుండ్ల కోసమే అందులో ఒక ప్రత్యేక బృందం 1995లో మొదలైంది. మనకు దగ్గర్లో వెల్లూరు క్రిస్టియన్‌ మెడికల్‌ కాలేజీలోనూ కోక్రేన్‌ శాఖ ఉంది. 2007లో ఐసీఎంఆర్‌ డబ్బు కట్టి, ఆ సంస్థ సమీక్షలను దేశంలో ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకునే వీలు కల్పించింది.

వరంగల్‌ ఎంజీఎం ఆసుపత్రి చుట్టుపక్కల జిల్లాలన్నిటికీ పెద్దదిక్కు. 1959లో మొదలైన కాకతీయ వైద్య కళాశాల విద్యార్థులు పుండు కడగడం, కట్టు కట్టడం నేర్చుకునేది అక్కడే. సీనియర్‌ చేతిని చూసి జూనియర్‌ నేర్చుకోవడం ఎక్కడైనా ఉన్న సంప్రదాయమే. దానికి రుజువు కూడా తోడైతే ఎలా ఉంటుందో, మన ఇళ్లలో వినిపించే మాటలనే తీసుకుని చూద్దాం.

పసుపు గెలిచింది... దేంట్లో?

'పసుపు సంగతి అమెరికాలోనే తేలిపోయింది కదా' అంటారు చాలామంది. నిజంగా తేలిందేమిటి? పుండ్లు మాన్పడానికి పసుపు వాడే విధానం మీద 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి పేటెంటు ఇచ్చారు. మన సీఎస్‌ఐఆర్‌ ఊరుకోలేదు. పాత గ్రంథాల నుంచీ, 1953లో భారతీయ వైద్య పత్రికలో అచ్చయిన వ్యాసం నుంచీ మొత్తం 32 ఆధారాలు చూపించింది. 1997లో పేటెంటు రద్దయింది. దేశమంతా సంబరపడింది. సంబరపడాల్సిందే!

కానీ ఒక్క మాట. అక్కడ రుజువైంది 'పసుపును మేం ఎప్పటి నుంచో వాడుతున్నాం' అన్న సంగతి. 'పసుపు పెడితే పుండు త్వరగా మానుతుంది' అన్నది ఆ కేసులో ఎవరూ తేల్చలేదు. రెండూ వేర్వేరు ప్రశ్నలు. సుశ్రుతుడు పుండ్లకు 60 రకాల ఉపచారాలు చెప్పాడు. అంత పాత విజ్ఞానానికి మనం ఇవ్వగల గౌరవం దాన్ని పరీక్షకు నిలబెట్టడమే. వంటింటి డబ్బాలోని పసుపులో దుమ్మూ, క్రిములూ ఉండొచ్చు. లోతైన పుండులో కూరితే కింద ఏముందో డాక్టరుకు కనిపించదు కూడా. కూరలో పసుపు సరే, తెరిచిన పుండులో వద్దు.

గాలి తగిలితే మానుతుందా?

'ఆరనివ్వండి, పక్కు కడితే మానినట్టే' అన్నది మనకు ఉగ్గుపాలతో వచ్చిన నమ్మకం. 1962లో బ్రిటన్‌ శాస్త్రవేత్త జార్జ్‌ వింటర్‌ పందుల చర్మం మీద చిన్న గాయాలు చేసి, కొన్నింటిని గాలికి వదిలేశాడు. కొన్నింటిని పలచటి ప్లాస్టిక్‌ పొరతో కప్పాడు. కప్పి ఉంచినచోట కొత్త చర్మం దాదాపు రెండింతల వేగంతో అల్లుకుంది! మనుషుల్లోనూ అంతేనని మరుసటి ఏడాది మరో పరీక్షలో తేలింది.

కారణం రైతుకు చెబితే ఇట్టే అర్థమవుతుంది. ఎండి నెర్రెలిచ్చిన మడిలో నారు నాటుకుంటుందా? కొత్త చర్మకణాలూ అంతే. పుండు అంచుల నుంచి లోపలికి పాకడానికి వాటికి కాస్త తడి కావాలి. పక్కు గట్టిగా కడితే దాని కిందుగా తొలుచుకుంటూ రావాలి. అలాగని పుండు చిత్తడిగా ఉండకూడదు. నీరు ఎక్కువ కారుతుంటే పీల్చుకునే పట్టీ వేయాలి. ఎండిపోతుంటే తడి నిలిపే పట్టీ వేయాలి. ఏది ఎప్పుడన్నది పుండును చూసి నిర్ణయించాలి.

నల్లా నీళ్లు చాలు!

పుండును దేంతో కడగాలి? నురగలు కక్కే హైడ్రోజన్‌ పెరాక్సైడా, ఎర్రమందా, సెలైన్‌ సీసానా? నీళ్లతో కడిగిన పుండ్లనూ, సెలైన్‌తో కడిగిన పుండ్లనూ పోల్చిన పరీక్షలన్నిటినీ కోక్రేన్‌ బృందం పోగేసింది. మొదటి సమీక్ష 2002లో వచ్చింది. తర్వాత కొత్త పరీక్షలు కలిపి మళ్లీమళ్లీ సరిచూశారు. తాగడానికి పనికొచ్చే కుళాయి నీటితో కడిగితే చీము పట్టడం పెరుగుతుందనడానికి ఆధారం దొరకలేదు. మంచినీళ్లు రాని చోట కాచి చల్లార్చిన నీళ్లు వాడుకోవచ్చన్నారు. నురగలు వచ్చే మందు క్రిములతోపాటు కొత్తగా పుడుతున్న కణాలనూ చంపుతుంది. ఆ నురగ చూసి 'మందు పనిచేస్తోంది' అని మురిసిపోవడం మన అమాయకత్వమే!

అన్నట్టు, కుక్క కరిస్తే కారం పెట్టే అలవాటు ఇంకా కొన్ని ఊళ్లలో ఉంది. మన మిర్చి ఎంత ఘాటుదైనా రేబిస్‌ను చంపలేదు. సబ్బూ, ధారగా నీళ్లూ... 15 నిమిషాలు కడగాలన్నది ప్రపంచ ఆరోగ్యసంస్థ మాట. ఆ వెంటనే టీకా కోసం ఆసుపత్రికి పరుగెత్తాలి.

తేనె మంచిదే... అన్నిటికీ కాదు

అసలు పాఠం తేనె దగ్గరుంది. కాలిన గాయాలకు తేనె వాడి, చీటీ వేసి పోల్చిన తొలి పరీక్షల్లో కొన్ని మన పొరుగునే షోలాపూర్‌లో జరిగాయి. అక్కడి సర్జన్‌ ఎం.సుబ్రహ్మణ్యం 1991లో 104 మంది రోగులతో చేసిన పరీక్ష ఫలితాలను బ్రిటిష్‌ సర్జరీ పత్రికలో ప్రచురించారు. 2015 నాటి కోక్రేన్‌ సమీక్ష ఇలాంటివన్నీ కలిపి చూసింది. పైపైన కాలిన గాయాలు మామూలు పట్టీలతో కంటే తేనెతో నాలుగైదు రోజులు ముందే మానుతున్నాయని తేల్చింది. మరి షుగరు పుండ్లకో? మేలు చేస్తుందని చెప్పడానికి రుజువు చాలలేదు. మధుమేహ పాదంపై పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 'షుగరు పుండ్లు మాన్పడానికి తేనె వాడకండి' అనే చెప్పింది.

అదే తేనె. ఒకచోట మేలు, మరోచోట ఆధారం లేదు. కాబట్టి 'తేనె మంచిదా, చెడ్డదా' అన్న ప్రశ్నే తప్పు. ఏ పుండుకు, ఎవరి పుండుకు అని అడగాలి. వంటింటి తేనెను ఎవరికివారు పూసుకోవడం మాత్రం వద్దు. వైద్యంలో వాడేది శుద్ధి చేసిన తేనె.

ముంబయి డాక్టర్ల కథ ఇంకా బాగుంటుంది. ఖరీదైన పట్టీలు కొనలేని పేద రోగుల కోసం అక్కడ మొదట ఉడికించిన ఆలుగడ్డ తొక్కలతో పట్టీలు చేశారు. తర్వాత అరటాకులను శుద్ధిచేసి కాలిన గాయాలపై పరిచారు. 2003లో ఆ ఫలితాలు కాలిన గాయాల వైద్యపత్రికలో అచ్చయ్యాయి. మైనంలాంటి పైపూత వల్ల అరటాకు గాయానికి అంటుకోదు. కట్టు మార్చేటప్పుడు పిల్లలు కేకలు పెట్టాల్సిన పనిలేదు. తొక్కల పట్టీకంటే చవక కూడా!

మరి మన ఇళ్లలో 'కాలితే రాసే తెల్ల క్రీము'? సిల్వర్‌ సల్ఫాడయజిన్‌ దాని పేరు. 2013లో కోక్రేన్‌ సమీక్ష దాన్ని కొత్తరకం పట్టీలతో పోల్చిచూస్తే, గాయం మానడంలో అదే వెనకబడింది. దశాబ్దాలుగా వాడుతున్నాం కాబట్టి మంచిదే అనుకున్నాం... లెక్క రాస్తే వేరేగా తేలింది.

కుష్ఠు నేర్పిన పాఠం

షుగరు పుండుకు ఏ మందు వేయాలి? ఈ ప్రశ్నకు జవాబు మందులో లేదు. వెల్లూరులో ఉంది.

తమిళనాడులో పుట్టిన ఆంగ్ల వైద్యుడు పాల్‌ బ్రాండ్‌ 1946లో వెల్లూరు వైద్య కళాశాలకు వచ్చాడు. కుష్ఠు వస్తే వేళ్లు, పాదాలు వాటంతటవే కుళ్లి రాలిపోతాయని అప్పట్లో అందరి నమ్మకం. బ్రాండ్‌ రోగుల వెంటే ఉండి గమనించాడు. మాంసం దానంతటది కుళ్లడం లేదు. స్పర్శ పోవడంతో నొప్పి తెలియడం లేదు. నొప్పి తెలియక పుండు మీదే నడుస్తున్నారు. నడుస్తుంటే అది మానడం లేదు! పాదాన్ని పిండికట్టులో పెట్టి, ఒత్తిడి తీసేస్తే అవే పుండ్లు మానాయి. మానిన పాదాలు మళ్లీ పాడవకుండా వెల్లూరు, కరిగిరిల్లో మెత్తటి రబ్బరు చెప్పులు తయారుచేశారు. ఇవాళ మన చౌరస్తా షాపుల్లో 'షుగరు చెప్పులు' అని అమ్మే ఎంసీఆర్‌ చెప్పుల పుట్టుక అదే.

1966లో బ్రాండ్‌ అమెరికాకు వెళ్లాడు. షుగరు రోగుల పాదాలదీ అదే కథని అక్కడివాళ్లకు అర్థమైంది. 2001లో అమెరికాలో 63 మందితో చేసిన పరీక్షలో విప్పడానికి వీల్లేని పిండికట్టు వేస్తే 12 వారాల్లో 100కి దాదాపు 90 పుండ్లు మానాయి. విప్పుకోగల బూటు ఇస్తే 65, సగం చెప్పు ఇస్తే 58. ఎందుకంత తేడా? 2003లో అదే బృందం 20 మంది రోగులకు తెలియకుండా బూటులో అడుగుల లెక్కపెట్టే పరికరం అమర్చింది. వాళ్లు రోజంతా వేసే అడుగుల్లో బూటు కాలికున్నవి 28 శాతమే! ఇంట్లో అడుగుపెట్టగానే విప్పి పక్కన పెట్టేస్తున్నారన్నమాట. మనం మాత్రం చేస్తున్నదేమిటి?

పుండు మీద ఎంత ఖరీదైన పట్టీ వేసినా, దాని మీదే నడుస్తుంటే ఫలితం సున్నా. ఎనుమాముల మార్కెట్లో మిరప బస్తాలు మోసే మనిషికీ, పత్తి ఏరే అమ్మకూ 'కాలు కింద పెట్టొద్దు' అని చెప్పడం సులువు. రెక్కాడితేగానీ డొక్కాడని ఇంట్లో అది రెండునెలల కూలి. ఆ కూలి లెక్క కూడా వైద్యంలో భాగమే. ఇంట్లోవాళ్లు, డాక్టరు కలిసి కూర్చుని మాట్లాడుకోవాల్సింది దీని గురించే. పిండికట్టు కూడా అందరికీ కుదరదు. కాలికి రక్తప్రసరణ సరిగా లేకపోయినా, లోపల చీమున్నా వేయకూడదు. అనుభవమున్న చేతులే వేయాలి.

ఇంకో సంగతి. చీము, వాపు, ఎరుపు లేని షుగరు పుండుకు యాంటీబయోటిక్‌ మాత్రలు అక్కర్లేదన్నది అంతర్జాతీయ మార్గదర్శకాల మాట. చీము పట్టిన పుండుకు మాత్రం ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదు. ఆర్‌ఎంపీ దగ్గర తరచూ ఈ రెండూ తారుమారవుతున్నాయి.

ఖరీదు ఎక్కువైతే గుణం ఎక్కువా?

ఆపరేషన్‌ కోతల సంగతీ చూడండి. ఇండియా సహా ఏడు దేశాల్లో 5,788 మందితో చేసిన ఫాల్కన్‌ పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. క్రిమినాశక మందు పూసిన ప్రత్యేక కుట్టుదారానికీ, మామూలు దారానికీ చీము పట్టడంలో తేడా కనిపించలేదు. 2022లో చీతా అనే మరో పరీక్ష ఫలితాలొచ్చాయి. అవే ఏడు దేశాల్లో 81 ఆసుపత్రులు, 13,301 మంది రోగులు. పొట్ట కోత కుట్టేముందు సర్జన్లు చేతి తొడుగులు, పనిముట్లు మార్చుకుంటే చాలు... చీము పట్టడం 18.9 శాతం నుంచి 16 శాతానికి తగ్గింది! మెరిసే కొత్త సరుకు ఓడిపోయింది. మామూలు శుభ్రత గెలిచింది.

అలాగని పరిశోధన అన్నిటికీ జవాబిస్తుందా అంటే, లేదు. పుండ్ల మీద జరిగిన పరీక్షల్లో చాలావరకు చిన్నవి. 'ఇది మంచిదని చెప్పడానికి ఆధారం చాలదు' అన్న వాక్యమే సమీక్షల్లో ఎక్కువగా కనిపిస్తుంది. దానర్థం ఆ మందు పనిచేయదని కాదు, తేలలేదని. తేలనప్పుడు ఏం చేయాలి? రెండు పట్టీలూ సమానమైతే చవకైనది, నొప్పి తక్కువైనది, ఇంట్లో మార్చుకోగలిగింది ఎంచుకోవాలి. రుజువు మన జేబుకూ మేలు చేస్తుంది! డేవిడ్‌ సాకెట్‌ అనే వైద్యుడు 1996లోనే చెప్పాడు. పరిశోధన ఇచ్చిన ఆధారం, డాక్టరు అనుభవం, రోగి ఇష్టానిష్టాలు... ఈ మూడూ కలిసినప్పుడే సరైన నిర్ణయం. ముక్కాలి పీటకు ఒక కాలు లేకపోతే ఏమవుతుందో వేరే చెప్పాలా!

ఇంట్లో షుగరుంటే...

- రోజూ రాత్రి పాదాలు, వేళ్ల సందులు చూసుకోవాలి. కనిపించకపోతే అద్దం పెట్టుకోండి. లేదా పిల్లల్ని చూడమనండి.
- స్పర్శ పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. కళ్లు మూసుకోమని చెప్పి, రెండు పాదాల్లో బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను ఒకటి రెండు సెకన్లు మెత్తగా తాకండి. ఆరింటిలో రెండు లేదా ఎక్కువ తెలియకపోతే డాక్టరుకు చూపించాలి.
- స్పర్శ తగ్గినవాళ్లు ఇంట్లోనూ చెప్పులేసుకోవాలి. వేసవి మధ్యాహ్నం భద్రకాళి గుడిలోనో, వేయిస్తంభాల గుడిలోనో రాళ్లు కాలుతుంటాయి. మేడారంలో కంకరా, ముళ్లూ ఉంటాయి. దర్శనం పొద్దున్నే చేసుకోండి. తిరిగిరాగానే పాదాలు చూసుకోండి.
- ఆనెలను బ్లేడుతో కోయొద్దు. కాపడం పెట్టొద్దు.
- ఒళ్లు కాలితే 20 నిమిషాలు చల్లని నీటిధార కింద ఉంచాలి. ఇంకు, పేస్టు, ఇడ్లీపిండి, ఐసుముక్క... ఏవీ వద్దు.
- ముల్లు, ఇనుపముక్క గుచ్చుకుంటే ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తుచేసుకుని డాక్టరుకు చెప్పాలి.
- పుండు మానిందని చెప్పులు మార్చేయొద్దు. షుగరు పుండు మానిన వారిలో 100కి సుమారు 40 మందికి ఏడాదిలోపే మళ్లీ వస్తోంది.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. 'ఈ పుండు ఎందుకు మానడం లేదు సార్‌? ఈ పట్టీ కాకపోతే ఇంకేం ఉంది? దీనివల్ల మేలని ఎలా తెలిసింది?' మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు కోప్పడడు. కుర్చీ దగ్గరకు జరుపుకొని చెబుతాడు.